విదేశీయుడు మెచ్చుకుంటేనే మన గొప్ప మనకు కనబడుతుందా?

చుక్కలముగ్గు:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా బాబాయి ఒక మెసేజ్ పంపారు. మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా యునెస్కో ప్రకటించిందని, గర్వంగా అందరికీ పంపమని. ఏళ్ల తరబడి తిరుగుతున్న అబద్ధం ఇది. జాతీయ గీతాలకు యునెస్కో ర్యాంకులు ఇవ్వదు. నేను ఆ మాటే మర్యాదగా గ్రూపులో రాశాను. వెంటనే బాబాయి ఫోన్ చేశారు. "అబద్ధమైతే మాత్రం ఏమైందమ్మా? మంచి మాటేగా, నలుగురూ సంతోషిస్తారు" అన్నారు. ఆ గొంతులో బాధ ఉంది. ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చానేమోనని నాకూ బాధేసింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఆశ నాలోనూ ఉంది. 2023 మార్చిలో తెలుగు పాటకు ఆస్కార్ వచ్చిన రోజు పొద్దున్నే టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఆ పాట అంతకుముందే ఎన్నోసార్లు విన్నాను, అప్పుడు ఏడుపు రాలేదు. ఎక్కడో లాస్ ఏంజెలెస్‌లో ఎవరో చప్పట్లు కొడితే నాకు కన్నీళ్లెందుకు వచ్చాయి? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతసైకిల్:
మంచి ప్రశ్న అడిగారండీ. నేను చాలాకాలంగా ఇలాంటి మెసేజ్‌లు సేకరిస్తున్నాను. దాదాపు అన్నిటికీ పోలిక ఒకటే. గొప్పతనం మనది, దాన్ని ఒప్పుకునే సంతకం మాత్రం పరాయివాడిది.

దీపావళి రాత్రి నాసా అంతరిక్షం నుంచి తీసిందంటూ ఏటా తిరిగే రంగురంగుల భారతదేశం ఫొటో ఉంది కదా. అది దీపావళి ఫొటో కాదు. చాలా ఏళ్ల ఉపగ్రహ చిత్రాలను ఒకదానిపై ఒకటి వేసి, ఏ కాలంలో ఎక్కడ కొత్తగా దీపాలు పెరిగాయో రంగుల్లో చూపించిన పటం. కంప్యూటర్లకు సంస్కృతమే అత్యుత్తమ భాష అని నాసా తేల్చిందనే మాట ఇంకోటి. దాని వెనక ఉన్నది 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక పత్రికలో రాసిన వ్యాసం. సంస్కృత వ్యాకరణకారులు వాక్యార్థాన్ని విడదీసిన పద్ధతికీ, కృత్రిమ మేధలో జ్ఞానాన్ని నమోదు చేసే పద్ధతికీ పోలిక ఉందని ఆయన చూపించాడు. అది నిజంగా ఆసక్తికరమైన విషయం. కానీ ఆ వ్యాసం చదివినవాళ్లు నాకు తక్కువే కనబడ్డారు. నాసా అన్న ఒక్క ముక్క పట్టుకున్నాం, సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

నాసాలో 36 శాతం భారతీయులే అన్న లెక్క 2008లో రాజ్యసభ దాకా వెళ్లింది. దానికి ఆధారం లేదని తర్వాత తేలింది.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది బ్రిటిష్ అధికారి మెకాలే పేరుతో తిరిగేది. భారతదేశమంతా తిరిగాను, ఒక్క దొంగ కనబడలేదు, ఒక్క బిచ్చగాడు కనబడలేదు అని 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడట. ఆ తేదీన ఆయన కలకత్తాలో ఉన్నాడు. ఆ రోజు నిజంగా రాసిన పత్రంలో, ఒక మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అరలో ఉన్న పుస్తకాలు భారత, అరబ్బు సాహిత్యమంతటికీ సమానమన్నాడు. అంత మాట అన్నవాడి నోట్లో మనమే ఒక పొగడ్త తయారుచేసి పెట్టుకున్నాం. ఆ ఆకలి ఎంత లోతైనదో చూడండి.

మాస్టారు61:
పాతసైకిల్ గారూ, మీరు రాసినవన్నీ నిజాలే. కానీ చుక్కలముగ్గు గారి బాబాయిని తప్పుపట్టే ముందు ఒక్క క్షణం ఆగుదాం. మెకాలే రాసిన ఆ పత్రం ఊరికే రాసిన కాగితం కాదు. దాని మీద ఆధారపడి ఇంగ్లీషు చదువుల విధానం వచ్చింది, బడులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. తాత ముత్తాతల కాలం నుంచి నీకు తెలిసినదానికి విలువ లేదని చెప్పించుకున్న జనం, ఎవరు తక్కువ చేశారో వాళ్ల నోటితోనే నువ్వు గొప్ప అనిపించుకోవాలని చూడటం మానవ సహజం. నాన్న ఎప్పుడూ తిట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడు ముసలివాడయ్యాక కూడా ఆ నాన్న మెప్పుకోసమే చూస్తాడు.

నేను 34 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఇది రోగమని నేను అనను, గాయమంటాను.

రేకులషెడ్:
ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఆస్ట్రేలియాలో ఎ.ఎ. ఫిలిప్స్ అనే విమర్శకుడు 1950లోనే దీనికి 'కల్చరల్ క్రింజ్' అని పేరు పెట్టాడు. తమ రచయిత రాసింది చదువుతూ, 'ఇంగ్లండులో చదువుకున్నవాడు దీన్ని చూస్తే ఏమంటాడో' అని లోలోపల జంకడం. బ్రెజిల్‌లో నెల్సన్ రోడ్రిగ్స్ అనే రచయిత 1958లో తమవాళ్ల ఈ గుణానికి వీధికుక్క మనస్తత్వం అనే పేరు పెట్టాడు. 1950 ప్రపంచకప్‌లో సొంతగడ్డ మీద ఉరుగ్వే చేతిలో ఓడిన దిగులు ఎనిమిదేళ్లయినా ఆ దేశాన్ని వదల్లేదు మరి. ఆ 1958లోనే వాళ్లు కప్పు గెలిచారు.

జపాన్ వాళ్ల కథ ఇంకా కష్టంగా ఉంటుంది. పాశ్చాత్య దేశాలతో చేసుకున్న అసమాన ఒప్పందాలు సవరించుకోవాలంటే తాము నాగరికులమని నిరూపించుకోవాలని, 1883లో టోక్యోలో రొకుమేకాన్ అనే భవనం కట్టారు. మంత్రులు, వాళ్ల భార్యలు పాశ్చాత్య దుస్తులు వేసుకుని అక్కడ బాల్ డ్యాన్సులు చేశారు. వచ్చిన విదేశీయుల్లో కొందరు అది చూసి ఎగతాళి చేశారు. ఒప్పందాల సవరణ 1894కు గానీ మొదలవ్వలేదు. అప్పటికి వాళ్ల దగ్గర రాజ్యాంగం ఉంది, కొత్త చట్టాలు ఉన్నాయి, సైన్యం ఉంది. డ్యాన్సులతో పని జరగలేదు.

వెలుతురుపిట్ట:
నేను పన్నెండేళ్లుగా విదేశంలో ఉంటున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, 'అక్కడివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారు?' అని. నిజం చెప్పడానికి నోరు రాదు. ఎక్కువ మంది ఏమీ అనుకోరు. వాళ్ల అద్దెలు, వాళ్ల పిల్లల చదువులు, వాళ్ల ఎన్నికలు వాళ్లకున్నాయి. మనం చంద్రుడి మీద దిగిన రోజు ఆఫీసులో ఇద్దరు అభినందించారు, మధ్యాహ్నానికి వేరే మాటలు. అందులో చెడ్డేమీ లేదు. వాళ్ల దేశంలో ఏదైనా జరిగితే మనమూ అంతేగా.

మన పాటలు వింటూ ఆశ్చర్యపోయే విదేశీ యూట్యూబర్లు చాలామంది ఉన్నారు. మనవాళ్లు లక్షల్లో చూస్తారని వాళ్లకు తెలుసు. ఆ ఆశ్చర్యంలో ఎంత నిజమో ఎంత వ్యాపారమో నాకు తెలియదు. నేనూ చూస్తాను. వరసగా నాలుగు చూశాక ఏదో వెలితిగా ఉంటుంది.

పెద్దకలం:
భారతరత్నల జాబితా ఒకసారి తిరగేయండి. మదర్ థెరిసాకు నోబెల్ 1979లో, భారతరత్న 1980లో. సత్యజిత్ రాయ్‌కు ఆస్కార్ గౌరవ పురస్కారం 1992లో, భారతరత్న అదే ఏడాది. అమర్త్య సేన్‌కు నోబెల్ 1998లో, భారతరత్న 1999లో. హరగోవింద్ ఖొరానా 1949లో చదువు ముగించుకుని తిరిగొస్తే ఇక్కడ తగిన ఉద్యోగం దొరకలేదు. 1968లో నోబెల్ వచ్చింది, 1969లో పద్మవిభూషణ్ ఇచ్చాం. వాళ్లు ముందు చూడాలి, ఆ తర్వాతే మనకు కళ్లు తెరుచుకుంటాయి.

పాతకాగితం:
పెద్దకలం గారు, ఖొరానా విషయంలో మీతో ఏకీభవిస్తాను. మిగతాది అన్యాయమైన లెక్క. రాయ్ మొదటి సినిమాకు డబ్బు పెట్టిందే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం. ఆయనకు పద్మశ్రీ 1958లో, పద్మభూషణ్ 1965లో, పద్మవిభూషణ్ 1976లో వచ్చాయి. మదర్ థెరిసాకు 1962లోనే పద్మశ్రీ ఇచ్చారు. ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు పద్మవిభూషణ్ 1968లో ఇస్తే నోబెల్ 1983లో వచ్చింది. మనం ముందే గుర్తించిన సందర్భాలు మనకు గుర్తుండవు. వాళ్లు గుర్తించిన సంవత్సరం మాత్రం నోటికి వస్తుంది. మన సొంత మెప్పుకు మన దగ్గరే విలువ లేకపోవడం నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది.

రామానుజన్ కథ కూడా ఇలాగే వంకరపోయింది. పేద గుమాస్తాను దేశంలో ఎవరూ పట్టించుకోలేదు, ఇంగ్లండు గణితవేత్త హార్డీ ఒక్కడే చూశాడు అని చెప్పుకుంటాం. హార్డీ గొప్పతనం కాదనడం లేదు. కానీ 1907లో భారత గణిత సంఘానికి పునాది వేసిన రామస్వామి అయ్యర్ ఆయన నోటుబుక్కులు చూసి, ఈ మనిషికి గుమాస్తా ఉద్యోగం ఇస్తే ప్రతిభ అణగారిపోతుందని భయపడ్డాడు. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు అనుమానంగా మొదలుపెట్టి, చివరకు నెలనెలా సొంత డబ్బు పంపాడు. రామానుజన్ మొదటి పెద్ద వ్యాసం 1911లో ఆ సంఘం పత్రికలోనే అచ్చయింది. హార్డీకి ఉత్తరం వెళ్లింది 1913 జనవరిలో. అంతకుముందు ఇంగ్లండులో ఇంకో ఇద్దరు పెద్ద గణితవేత్తలకు రాస్తే వాళ్ల నుంచి సాయం అందలేదు. మనవాళ్లలో చూసినవాళ్లున్నారు, వాళ్లలో చూడనివాళ్లున్నారు.

మాస్టారు61:
పాతకాగితం గారికి దండం. రామచంద్రరావు గారి పేరు నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. 34 ఏళ్లు హార్డీ పేరే చెప్పాను. ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

తోటలోబావి:
వివేకానందుడి విషయంలోనూ ఇదే కదండీ. 1893 చికాగో తర్వాతే దేశం ఆయన్ని ఎత్తుకుందంటాం. కానీ ఆయన్ని ఓడ ఎక్కించడానికి మద్రాసులో అళసింగ పెరుమాళ్, ఆయన స్నేహితులు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. చప్పట్లు మోగడానికి ముందే నమ్మినవాళ్లు వాళ్లు.

ఇంకో సందేహం. తెలుగు గురించి చెప్పమంటే మనం మొట్టమొదట అనేది 'తూర్పు దేశపు ఇటాలియన్' అని. పదిహేనో శతాబ్దపు వెనిస్ యాత్రికుడు నికోలో కాంటీ అన్నాడని చెప్పుకుంటాం. పదాలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ పోలిక. ఇటలీ వాళ్లు తమ భాషను పడమటి తెలుగు అని చెప్పుకోరు కదా. మా పాప ఇది అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. పద్యం ఒకటి చదివి వినిపించాను. అది దానికి బాగా నచ్చింది, ఇంకోటి చదవమంది.

మోడరేటర్:
చర్చ బాగా నడుస్తోంది. రెండు పోస్టులు తీసేశాను, వాటిలో పార్టీల తిట్లు తప్ప ఏమీ లేవు. దయచేసి విషయం మీదే ఉండండి.

గట్టుమీదచెట్టు:
నేను కాస్త ఎదురు మాట్లాడతాను. బయటివాళ్ల గుర్తింపు వల్ల నిజమైన పని జరుగుతుంది. రామప్ప గుడి 1213 నాటిది. ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది, మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక దాని చుట్టూ ఎంత దూరం వరకు కొత్త కట్టడాలు రాకూడదో చూడాల్సి వస్తుంది, పరిరక్షణకు ప్రణాళిక ఉండాలి, పరిస్థితి ఎలా ఉందో నివేదికలు ఇవ్వాలి. ఆ బాధ్యత బయటి సంస్థ ముందు ఒప్పుకున్నాం కాబట్టి తప్పించుకోవడం కష్టం. అది తప్పెలా అవుతుంది?

పోలియో కూడా అంతే. 2014 మార్చిలో మనకు పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అది ఎవరో ముచ్చటపడి ఇచ్చిన బిరుదు కాదు. మూడేళ్లు ఒక్క కేసు లేదని, నిఘా సరిగ్గా ఉందని పరీక్షించి ఇచ్చింది. మందుల ఫ్యాక్టరీకి బయటి తనిఖీ వస్తే భయపడి శుభ్రం చేస్తారు, ఆ మందు వేసుకునేది మనమే కదా. బయటి కన్నును పూర్తిగా వద్దనుకుంటే నష్టం మనకే.

పాతసైకిల్:
గట్టుమీదచెట్టు గారు చెప్పిన దాంట్లోనే అసలు తేడా ఉందనిపిస్తోంది. పరీక్ష వేరు, పొగడ్త వేరు. పరీక్ష పెట్టేవాడికి మనం తప్పు అని చెప్పే హక్కు కూడా ఇస్తాం. మనకు కావాల్సింది చాలాసార్లు పొగడ్త మాత్రమే.

2009 పీసా పరీక్షలు గుర్తున్నాయా? పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పరీక్ష. తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు రాశారు. 74 చోట్లలో 72, 73 స్థానాలు వచ్చాయి. ఆ తర్వాత మనం మళ్లీ రాయలేదు. ప్రశ్నలు మన పిల్లల పరిస్థితికి సరిపడవన్నారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ ప్రపంచ బ్యాంకు వ్యాపార సౌలభ్యం ర్యాంకులో 142 నుంచి 63కి ఎదిగినప్పుడు ఆ లెక్క పద్ధతి సరైనదా అని ఎవరూ అడగలేదు, పండగ చేసుకున్నాం. వేరే దేశాల అంకెల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ నివేదికనే ఆపేశారు. ఆకలి సూచీలో కిందికి జారితే పద్ధతి తప్పంటాం. పద్ధతిని ప్రశ్నించాల్సిందే, అయితే ర్యాంకు బాగా వచ్చిన ఏడాది కూడా ప్రశ్నించాలి.

పీసా సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. చదవలేని ఆ పిల్లలు మన పిల్లలు. మన పరువు కాపాడుకున్నాం, వాళ్ల విషయం వదిలేశాం.

నీలిసిరా:
పొగడ్తకు మురిసిపోయేవాళ్లకే తిట్టు ఎక్కువ తగులుతుంది. 2014 సెప్టెంబరులో మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరింది, మొదటి ప్రయత్నంలోనే. కొన్ని రోజులకు ఒక అమెరికా పత్రికలో కార్టూన్ వచ్చింది. ఆవును పట్టుకున్న తలపాగా రైతు, పెద్ద దేశాల అంతరిక్ష క్లబ్బు తలుపు తడుతున్నట్టు. తర్వాత ఆ పత్రిక క్షమాపణ చెప్పింది. ఆ కార్టూన్ తప్పే, నాకూ మండింది. కానీ ఆ వారమంతా నా స్నేహితులతో నేను మాట్లాడింది కార్టూన్ గురించే. తక్కువ ఇంధనంతో ఆ నౌకను భూమి చుట్టూ తిప్పుతూ, ఒక్కో చుట్టుకీ కక్ష్య పెంచుకుంటూ ఎలా పంపారో నేను చదివింది రెండేళ్ల తర్వాత. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ సంతోషం ఆ వారమే నాకు దక్కాల్సింది.

రేకులషెడ్:
నా అనుభవం ఒకటి. నేను పనిచేసిన ఒక కంపెనీలో మా టీమ్ గోడౌన్ల లెక్కలకు ఒక సాఫ్ట్‌వేర్ చేసింది. మన దేశంలో అమ్మడానికి వెళితే మొదటి ప్రశ్న 'బయట ఎవరైనా వాడుతున్నారా?'. పని చేస్తుందా, తప్పులు ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. చివరకు విదేశంలో ఒక చిన్న సంస్థకు దాదాపు ఉచితంగా ఇచ్చాం. ఆ పేరు బ్రోషర్‌లో వేసుకున్నాక ఇక్కడ అమ్ముడుపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారలేదు.

వాళ్లనీ తప్పుపట్టలేను. ఇక్కడ ఒక వస్తువు బాగుందో లేదో నిక్కచ్చిగా తేల్చి చెప్పే నమ్మకమైన మనిషి వాళ్లకు ఎవరున్నారు? అవార్డంటే సిఫార్సేమో అనుకుంటాం. సమీక్ష అంటే స్నేహమేమో అనుకుంటాం. మన తీర్పుల మీద మనకే నమ్మకం లేనప్పుడు, మనతో చుట్టరికం లేని దూరపువాడి మాటే నిజాయితీగా కనబడుతుంది.

పాతకాగితం:
రేకులషెడ్ గారు గురిచూసి కొట్టారు. నేను రెండు రోజులుగా చెప్పలేకపోయిన మాట ఇదే. రామస్వామి అయ్యర్ లాంటివాళ్లు గుర్తించగలిగారంటే వాళ్లకు ఒక సంఘం ఉంది, పత్రిక ఉంది, రాసినది బాగాలేకపోతే తిప్పి పంపే అలవాటు ఉంది. సి.వి. రామన్ 1928లో తన ఆవిష్కరణను అచ్చువేసింది కలకత్తా నుంచి వచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో. పని చేసింది 1876లో మహేంద్రలాల్ సర్కార్ చందాలతో మొదలుపెట్టిన సంస్థలో. నోబెల్ 1930లో వచ్చింది. చోటు మనది, అచ్చు మనది.

అలాంటి చోట్లు లేనప్పుడు మనిషి జారిపోతాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. 1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో పోయారు. ఫోలిక్ ఆమ్లం మీద, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ మీద, టెట్రాసైక్లిన్ల మీద పనిచేసిన బృందాలను నడిపించారు. నోబెల్ రాలేదు. ఇక్కడ తపాలా బిళ్ల 1995లో వచ్చింది. నోబెల్ వచ్చి ఉంటే ప్రతి పిల్లవాడికీ ఆ పేరు నోటికి వచ్చేది.

వెలుతురుపిట్ట:
చుక్కలముగ్గు గారూ, మీ కన్నీళ్ల గురించి. అవి తప్పు అని నాకు అనిపించడం లేదు. మన పిల్లవాడు వేరే ఊళ్లో బహుమతి గెలుచుకుంటే ఏడుస్తాం. ఆ పాట అంతకుముందే మీకు నచ్చింది కదా. వాళ్లు ఇవ్వకపోయి ఉంటే మీకు ఆ పాట మీద ఇష్టం తగ్గేదా? తగ్గదనుకుంటాను.

చుక్కలముగ్గు:
అందరికీ ధన్యవాదాలు. వెలుతురుపిట్ట గారూ, తగ్గేది కాదు. ఆ మాట మీరు అడిగాకే నాకు తెలిసింది.

నిన్న సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను. అబద్ధం, నిజం జోలికి వెళ్లలేదు. ఆ గీతమంటే మీకు ఎందుకంత ఇష్టం అని అడిగాను. హైస్కూల్లో ప్రతి ఆగస్టు 15కీ ముందు నిలబడి పాడింది ఆయనేనట. పాడుతుంటే గొంతు వణికేదట. నాకు ఇన్నేళ్లుగా తెలియదు. యునెస్కో ఊసే రాలేదు.

ఇంకేం పంపించమంటావు మరి అని ఆయనే అడిగారు. ఆ గీతం గురించి పంపడానికి నిజమైనది ఏదైనా ఉంటే చెప్పగలరా?

పాతకాగితం:
ఉందండీ, అది మన ఇంటి కథే. ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అక్కడ పిల్లల ముందు ఆ పాట పాడి వినిపించారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. ఐర్లండు నుంచి వచ్చి ఆ కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్ ఆ స్వరాన్ని రాసిపెట్టారు. జాతీయ గీతంగా 1950 జనవరి 24న స్వీకరించారు. మొత్తం అయిదు చరణాలుంటే మనం పాడేది మొదటిదే. మిగతా నాలుగూ బాబాయిగారికి వినిపించండి. మూడో చరణంలో ఎత్తుపల్లాల దారిలో యుగయుగాలుగా నడిచే యాత్రికుల మాట వస్తుంది.

చుక్కలముగ్గు:
మదనపల్లె సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు! బాబాయికి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. మిగతా నాలుగు చరణాలకు మంచి తెలుగు అర్థం ఎవరి దగ్గరైనా ఉందా? పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుంటుంది, ఆయనకు చూపు కాస్త తగ్గింది.

మాస్టారు61:
నేను రాసి పంపుతానమ్మా. రెండు రోజులు టైమివ్వు. బెంగాలీ తెలిసిన స్నేహితుడు ఒకాయన ఉన్నారు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట మాటా సరిచూసుకుని రాస్తాను.